బూడిదలోని చిక్కుడు గింజలు

మధ్యాహ్నం పన్నెండూ ఇరవైకి కుక్కరు మూడో విజిలు వేసింది. గడియారం చూశాను కాబట్టి తెలుసు. నా భార్య పార్వతి పోయాక వంటంతా గడియారం చూసే చేసేవాణ్ణి. వాసన బట్టి వండడం ఆమెకు వచ్చు, నాకు రాదు. ఆ రోజు కుక్కరులో ఉన్నవి చిక్కుడు గింజలు. అటక మీద ఒక పాలపొడి డబ్బాలో, బూడిదలో దొరికాయి. పురుగు పట్టకుండా అలా దాచిందనుకున్నాను. ముందురోజే నాలుగు నీళ్ళు కడిగి నానబెట్టాను. వంకాయతో కలిపి పులుసు పెట్టి రెండు పూటలు తిన్నాను. ఉప్పు కాస్త తక్కువైంది.

వారం తర్వాత తొలకరి పడింది. పక్కింటి వరహాలమ్మ గోడ అవతల నుంచి పిలిచింది.

"బాబుగారూ, వాన పడ్డాది గదా. అమ్మగారు ఈపాటికి సిక్కుడు గింజలు తీసీవోరు. నాకూ రెండు పెట్టీవోరు."

"ఏ గింజలు?"

"అదే, రాయపూరు సిక్కుడు. బూడిదలో ఏసి దాసీవోరు."

"నీ దగ్గర లేవా?"

"నేనెప్పుడూ దాయలేదు బాబూ. అమ్మగారు దాస్తారు గదా అని."

పార్వతి రాయపూర్‌లో పుట్టి పెరిగింది. వాళ్ళ నాన్న టెక్కలి వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. రైల్వే క్వార్టర్ కంచె మీద వాళ్ళమ్మ పెంచిన చిక్కుడు అది. కాయ పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది, అంచున వంకాయ రంగు గీత. పెళ్ళయి విజయనగరం వచ్చినప్పుడు ఆ గింజలు తెచ్చుకుంది. ముప్ఫై నాలుగేళ్ళు మా డాబా మీద పాకించింది. మందు ఎప్పుడూ కొట్టలేదు. బియ్యం కడిగిన నీళ్ళు, పేడ ఎరువు, పేను పడితే పొద్దున్నే మంచు ఆరకముందు ఆకుల మీద చల్లే బూడిద, అంతే. కింది కుళాయి నుంచి డాబా మీదికి నీళ్ళు మోయడం ఒక్కటే నా పని. మోసేసి నీడలో కూర్చుని పుస్తకం చదువుకునేవాణ్ణి. కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి, ఇంట్లోనూ అదే అలవాటు.

ఆమె దాచిన విత్తనమంతా నేను తినేశాను. ఇది ఎవరికీ చెప్పకుండా ఎనిమిది నెలలు గడిపాను. మాఘంలో, చిక్కుడు ఎండే రోజులని వరహాలమ్మ చెప్పాక, రాయపూర్ బయల్దేరాను.

గుఢియారీ

మా బావమరిది చిట్టిబాబు గుఢియారీలో రైలు పట్టాలకు దగ్గరగా ఉంటాడు. వీధంతా ఉల్లిపాయల బస్తాలు, ఇనప సామాను, కుట్టుమిషన్లు. ఇంటికి వచ్చే మనిషి కూడా ఏదో ఒక దుకాణంలోంచి నడిచే రావాలి. మేడ మీద రెండు గదులు. గూడ్సు బండి వెళ్ళినప్పుడల్లా గూట్లో గ్లాసులు కొద్దిగా మోగుతాయి. వాళ్ళకు అది వినపడదు. నేనే మూడు రోజులూ తలెత్తి చూశాను.

"ఏటి బావా, సిక్కిపోనావు. వండుకుంటన్నావా, లేదా?" అన్నాడు.

"వండుకుంటున్నాను. ఆ సంగతి మీదే వచ్చాను."

చెప్పాను. అతను టీ గ్లాసు పట్టుకుని విన్నాడు.

"వండీసినావా? విత్తనాలు వండీసినావేటి?"

"రెండు పూటలు."

చిట్టిబాబు నవ్వాడు. వాగన్ల వర్క్‌షాప్‌లో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషి, నవ్వు కూడా అక్కడి చప్పుళ్ళ మీదుగా వినపడేలా ఉంటుంది. "అక్క ఉంటే ఏటవునో తెలుసా? వారం రోజులు నీకు మంచినీళ్ళు కూడా ఇచ్చీది కాదు." అని గ్లాసు కింద పెట్టాడు. నవ్వు ఆగిపోయింది. 

అతని భార్య ఈశ్వరి ముందు తేరుకుంది. "మా దగ్గరా లేవు అన్నయ్యగారూ. క్వార్టర్ ఖాళీ చేసినప్పుడు తీగ అక్కడే ఒదిలీసినాం. ఒదినగారి దగ్గర ఉంది గదా, కావాలంటే అడగొచ్చు అనుకున్నాం."

వరహాలమ్మ అన్న మాటే.

ఆ సాయంత్రం చిట్టిబాబు నన్ను స్కూటర్ మీద పాత క్వార్టర్ చోటుకు తీసుకెళ్ళాడు. ఇప్పుడక్కడ నాలుగంతస్తుల ఇళ్ళు. కంచె ఉన్న చోట సైకిళ్ళు పెట్టుకునే రేకుల షెడ్డు. "ఇక్కడే బావా, అమ్మ స్టూలేసుకుని కోసీది," అని షెడ్డులో ఒక చోటు చూపించాడు. అక్కడ ఒక పిల్లవాడి సైకిలు ఉంది. చూసి వచ్చేశాం.

మర్నాడు ఈశ్వరి ఫరా చేసింది. మిగిలిన అన్నంలో బియ్యప్పిండి కలిపి, వేళ్ళలా పొడుగ్గా చేసి, ఆవిరి మీద ఉడికించి, నువ్వులతో తాలింపు పెడతారు. మా వైపు మిగిలిన అన్నం తరవాణి కుండలోకి పోతుంది. ఇక్కడ ఎండాకాలంలో నీళ్ళు పోసి ఉంచి, బోరే బాసీ అని ఉల్లిపాయతో తింటారు. చలికాలంలో ఇలా చేస్తారు. రెండు చోట్లా పారేయడం అనే మాట లేదు. పార్వతి చలికాలం ఆదివారాలు ఇదే చేసేది. దానికి ఫరా అనే పేరుందని నాకు ఇక్కడే తెలిసింది. మా ఇంట్లో దాన్ని 'అది' అనేవాళ్ళం.

విత్తనాల దుకాణం

ముందు సులువైన దారి చూద్దామని బజారులో విత్తనాల దుకాణానికి వెళ్ళాం. గోడ నిండా రంగు రంగుల పొట్లాలు. వాటి మీద కాయలు, నిజం కాయలకన్నా నున్నగా ఉన్నాయి. అంచున వంకాయ రంగు గీత ఉన్న చిక్కుడు కావాలని నాకు వచ్చిన హిందీలో అడిగాను. నా హిందీ పుస్తకాల్లోది. దుకాణదారు ఓపిగ్గా విని ఒక పొట్లం తీశాడు.

"దేశీదేనా?" అన్నాను.

"దేశీలాంటిదే," అన్నాడు.

నలభై రూపాయలిచ్చి, అక్కడే విప్పి చూశాను. గింజలు గులాబీ రంగులో ఉన్నాయి, చేతికి రంగు అంటింది. చిట్టిబాబు కళ్ళద్దాలు పెట్టుకుని పొట్లం వెనక ఉన్న సన్నటి అక్షరాలు చదివాడు. "మందు పట్టించిన విత్తనం. తినరాదు. పశువులకు పెట్టరాదు." చదివి నావైపు చూశాడు. "ఇవే పట్టుకెళ్ళు బావా. ఇవైతే నువ్వు వండలేవు."

ఎందుకు నవ్వుతున్నామని దుకాణదారు అడిగితే చిట్టిబాబు సంగతంతా చెప్పేశాడు. నాకు చెవులు వేడెక్కాయి. ఆయన మాత్రం నవ్వలేదు. "మా దగ్గర దొరకదు సాబ్. ఇవి ఈ ఏడు వేస్తే మళ్ళీ ఏడు మళ్ళీ కొనాలి. దాచుకునే విత్తనం కావాలంటే భాజీ అమ్మే ఆడవాళ్ళను అడగండి. వాళ్ళు బాడీలో వేసుకుంటారు." ఇక్కడ ఆకుకూరను భాజీ అని, ఇంటి వెనక కూరల పెరడును బాడీ అని అంటారు.

ఆ మాటతో చిట్టిబాబుకు గుర్తొచ్చింది. అతను చేత్తో నుదురు కొట్టుకున్నాడు. "సుకవారో. అరే యార్, సుకవారో ఉంది గదా. అమ్మ ఆమెకు గింజలిచ్చింది. ఆమె ఆకుకూరల గంప క్వార్టర్ ముందే దించీది. అక్కా, ఆమే కలిసి కాయలు కోసీవోరు."

"ఇప్పుడు ఉందా?"

"ఉండాల. ఇప్పుడు బజారుకు రాదు. సాయంత్రం భన్‌పురిలో ఫ్యాక్టరీ గేటు దగ్గర కూచుంటది. చల్, టెన్షన్ మత్ లో."

భన్‌పురి గేటు

భన్‌పురిలో లారీలు, చిన్న చిన్న ఫ్యాక్టరీలు. చొక్కా కాలరు గంటలో నల్లబడింది. ఇలాంటి చోట ఆకుకూరలు ఎవరు కొంటారనుకున్నాను. షిఫ్టు దిగిన వాళ్ళే కొంటారు. గేటు బయట గోనె పరుచుకుని నలుగురైదుగురు ఆడవాళ్ళు కూర్చున్నారు. మా దగ్గర ఆకుకూర కట్టలుగా కడతారు. ఇక్కడ కుప్పలుగా పోసి, కుప్ప పదికి అమ్ముతున్నారు. ఎర్ర తోటకూర, శనగాకు, తివ్రా అనే పప్పుమొక్క చిగుళ్ళు. శనగాకు కూర వండుతారని చదివాను గానీ, కూరకని అమ్ముతుండగా చూడటం ఇక్కడే.

సుకవారో బాయికి అరవై దాటి ఉంటాయి. శుక్రవారం పుట్టిందట, అందుకే ఆ పేరు. పక్కన ప్లాస్టిక్ డబ్బాలో నీళ్ళు పెట్టుకుని, ప్రతి కుప్పనూ అమ్మే ముందు ఒకసారి ముంచి దులుపుతోంది. "పొలంలో మందు లేదు, ఇక్కడ గాలిలో ఉంది," అని కొనేవాళ్ళతో అంటోంది. చిట్టిబాబును చూసి గుర్తుపట్టింది. నన్ను చూసి ఎవరని అడిగింది.

"పార్వతి అక్క ఆయన."

"భాంటో," అంది వెంటనే. అక్క భర్తను ఇక్కడ అలా పిలుస్తారు. "దీదీ రాలేదా?"

చిట్టిబాబు నావైపు చూశాడు. నేను చెప్పాను. "పోయింది. చైత్రంలో."

ఆమె తడిగుడ్డ తీసి కుప్పలన్నిటి మీదా కప్పేసింది. ఇద్దరు కొనడానికి నిలబడి ఉన్నారు. కాసేపు చూసి పక్క గోనె దగ్గరికి వెళ్ళారు.

తర్వాత అంది. "ఆ సేమీ మీ ఇంట్లో ఉందిగా."

ఇక్కడ చిక్కుడును సేమీ అంటారు. వరహాలమ్మ, ఈశ్వరి అన్న మాటే ఈమే అంది. నేను వండుకు తిన్నానని చెప్పాను, చిట్టిబాబు దాన్ని ఛత్తీస్‌గఢీలోకి మార్చాడు, కొంచెం కలిపే మార్చినట్టున్నాడు. సుకవారో నన్ను తేరిపార చూసింది.

"రుచిగా ఉందా?"

"ఉంది. ఉప్పు తక్కువైంది."

ఆమె తల ఊపింది. ఎగతాళి చేయలేదు. ఆ తర్వాత తన సంగతి చెప్పింది. వాళ్ళ ఊరు కొత్త రాజధాని పక్కన. ఇల్లు మారిన రెండేళ్ళు వాళ్ళకు బాడీ లేదు, ఆ రెండేళ్ళలో విత్తనం పోయింది. పార్వతి వాళ్ళమ్మ కర్మకు వచ్చినప్పుడు, ఇది విని, తిరిగి వెళ్ళాక ఇటు వచ్చే ఎవరి చేతికో ఇచ్చి ఒక గుప్పెడు గింజలు పంపింది. "రెండిళ్ళలో ఉండాలి సుకవారో, ఒక ఇంట్లో పోతే ఇంకో ఇంట్లో ఉంటుంది, అని దీదీయే అంది."

నాకా సంగతి తెలియదు.

"ఈ ఏడు తీగ లేదు," అంది. "ఆ పెద్ద రోడ్ల మీద తిరిగే ఆవులు కంచె విరగ్గొట్టి పువ్వు మీదుండగానే తినేశాయి. నిరుటి గింజలు ఒక చిన్న కుండలో ఉన్నాయి. అవే. అందులో నీకిస్తాను."

నేను జేబులో చెయ్యి పెట్టాను. ఆమె ఆ చేతినే చూసింది. "విత్తనానికి డబ్బు తీసుకుంటే మొలవదు భాంటో. రేపు ఇంటికి రా. తిని, పట్టుకెళ్ళు."

నయా రాయపూర్ దాటాక

నయా రాయపూర్ రోడ్లు చాలా వెడల్పు. మనుషులు తక్కువ. మధ్యలో నాటిన పూలమొక్కలకు ట్యాంకరుతో నీళ్ళు పోస్తున్నారు, దాని వెనకే ఆవులు నడుస్తున్నాయి. చిట్టిబాబు స్కూటర్ ఆపి వాటికి దారి ఇచ్చాడు. "ఇవే అయ్యుంటాయి బావా. మన చిక్కుడు తిన్న ముఖాలు చూడు." ఒక ఆఫీసు భవనం దాటాక మట్టి దారి వచ్చింది, ఆ చివర ఊరు.

సుకవారో చెరువుకు స్నానానికి వెళ్ళిందట, ఇంట్లో లేదు. కోడలు పూర్ణిమ ఎదురొచ్చింది. భిలాయి నుంచి వచ్చిన అమ్మాయి, పెళ్ళయి రెండు నెలలు. ముందు ఒక చెంబు నీళ్ళు మా కాళ్ళ దగ్గర పెట్టింది. ఇక్కడ అతిథికి మొదట ఇచ్చేది అదే. మా అమ్మమ్మ ఇంట్లో కూడా ఇలా ఇచ్చేవాళ్ళు, మా ఇంట్లో ఎప్పుడో మానేశాం. మంచం వాల్చి కూర్చోమంది. "అత్తయ్య వచ్చేస్తుంది. వంట అయిపోవచ్చింది," అని లోపలికి వెళ్ళింది.

వంటిల్లు ఎదురుగానే ఉంది. పొయ్యి మీద మూకుడు, అందులో నూనె. పక్కన కోసిన వంకాయలు. ఆమె ఒక గిన్నె వంచి నీళ్ళు గుమ్మం పక్కన మొక్క మొదట్లో పోసింది. ఆ నీళ్ళు బూడిద రంగులో ఉన్నాయి. పైన సన్నగా నురగ. ఆ రంగు నాకు తెలుసు. నాలుగుసార్లు నేను సింకులో పారబోసిన రంగు అది.

"ఆగమ్మా," అన్నాను. తెలుగులోనే వచ్చింది.

ఆమెకు అర్థం కాలేదు. చెయ్యి మూకుడు మీదికి వెళుతోంది. చిట్టిబాబు లేచి, "రుకో బహూ, రుకో," అన్నాడు.

గిన్నెలో నల్లటి గింజలు, అంచున తెల్ల గీత. పొద్దుటి నుంచి నాని ఉబ్బి ఉన్నాయి. గూట్లో చిన్న మట్టికుండ బోర్లించి ఉంది, ఖాళీ.

"కుండంతా వేశావా?" అన్నాడు చిట్టిబాబు.

"అంతా. తక్కువే ఉన్నాయి కదా." ఆమె ముఖం మారిపోయింది. "సేమీ కోసం అంత దూరం నుంచి వస్తున్నారని అత్తయ్య పొద్దున్న చెప్పింది. అందుకే వండుదామని తీశాను."

తప్పు పట్టడానికి ఏమీ లేదు. అతిథి దేని కోసం వస్తాడో అదే వండి పెట్టాలనుకుంది.

సుకవారో తడి బట్టలతో వచ్చి గుమ్మంలో నిలబడింది. గిన్నె చూసింది, కుండ చూసింది. కోడలు ఏడుపు ఆపుకుంటూ, "నాకు ఎవరూ చెప్పలేదు," అంది.

"నాకూ ఎవరూ చెప్పలేదమ్మా," అన్నాను ఆమె కోసం. అది నిజం కాదు. పార్వతి చాలాసార్లు చెప్పే ఉంటుంది. నేను చదువుకుంటూ ఉండి ఉంటాను.

సుకవారో తిట్టలేదు. కింద కూర్చుని ఒక్కొక్క గింజా వేళ్ళ మధ్య నొక్కి చూసింది. "నానినవి ఇక ఆగవు. మళ్ళీ ఆరబెడితే చస్తాయి. భూమిలో వేయాలి, ఇవాళే."

"ఇది వేసే కాలమేనా?" అన్నాను.

"కాదు. వేస్తే తీగ పాకుతుంది, ఎండాకాలమంతా ఊరికే ఆకులేస్తుంది. కార్తీకం దాకా పువ్వు రాదు. అన్ని నెలలు నీళ్ళు పోసి బతికించాలి. పోస్తావా?"

"నీళ్ళు మోయడం నాకు వచ్చు," అన్నాను. డాబా మీద నాకు వచ్చిన పని అదొక్కటే.

ఆమె గింజల్ని మూడు భాగాలు చేసింది. ఒక భాగం తనది. కంచె పక్కన, ఈసారి ఇంటి గోడకు దగ్గరగా, పూర్ణిమ చేత్తోనే గుంటలు తీయించి, ఆమె చేతే వేయించింది. ఒక భాగం చిట్టిబాబుకు ఇచ్చింది. "నాకు నేల లేదు గదా," అన్నాడు అతను. "నూనె డబ్బా లేదా?" అంది ఆమె. మూడోది నాది, తడిగుడ్డలో మూటకట్టింది.

తర్వాత అన్నం తిన్నాం. అన్నం, తివ్రా భాజీ, టమాటా పచ్చడి. నూనెలో వంకాయలు ఒంటరిగా వేగాయి. పూర్ణిమ కొంచెం తేరుకుని, "ఈసారి వస్తే సేమీ వండుతాను మామాజీ," అంది.

"వండు," అంది సుకవారో. "కానీ ఈయన్ని వంటింట్లోకి రానివ్వకు."

చిట్టిబాబు దాన్ని నాకు తెలుగులో చెప్పి, గుఢియారీ చేరేదాకా మూడుసార్లు మళ్ళీ చెప్పాడు.

తిరుగు దారి

మర్నాటి రైల్లో మూట ఒడిలో పెట్టుకున్నాను. సంచిలో పెడితే నలుగుతుందని భయం. ఎదురు సీటులో ఒక పెద్దమనిషి, ఆరోగ్యం గురించి చాలా తెలిసినవాడు, టిట్లాగఢ్ దాటాక అడిగాడు.

"అవి మొలకలా?"

"ఇంకా కాలేదు."

"మంచి అలవాటండీ. ఉల్లిపాయ, నిమ్మకాయ పిండుకుంటే ఇంకా బాగుంటాయి. బయట కొనడం లేదన్నమాట, సొంతంగా చేసుకుంటున్నారు."

"అవునండీ," అన్నాను. వివరించే ఓపిక లేకపోయింది. ఆయన తన నిమ్మకాయ ఒకటి ఇచ్చాడు. తీసుకున్నాను. స్టేషను వచ్చినప్పుడల్లా కుళాయి దగ్గర గుడ్డ తడుపుకుని వచ్చాను. పార్వతీపురం దగ్గర మూట విప్పి చూస్తే, రెండు గింజలకు తెల్లగా ముక్కు వచ్చింది.

విజయనగరంలో దిగిన సాయంత్రమే కుండీల్లో వేశాను. వరహాలమ్మ గోడ అవతల నుంచి చూస్తూ, "ఈ రోజుల్లో ఏస్తారేటి బాబూ," అని, తన వాటా రెండూ తీసుకుని తనూ వేసింది. నేను వేసిన పదకొండు గింజల్లో ఎనిమిది మొలిచాయి. వైశాఖంలో మూడు ఎండిపోయాయి. పొద్దునా సాయంత్రమూ బాల్టీలతో మెట్లెక్కాను. పుస్తకం కింద గదిలోనే వదిలేసి ఎక్కేవాణ్ణి. సుకవారో చెప్పినట్టే కార్తీకంలో పువ్వు వచ్చింది. పేను పట్టినప్పుడు వరహాలమ్మ బూడిద చల్లడం చూపించింది. మొదటి కాయలు కోయలేదు, తీగ మీదే ఎండనిచ్చాం. తర్వాతి కాయలు వండాను, ఉప్పు సరిపోయింది.

వెళ్ళి వచ్చి ఏడాదైంది. చిట్టిబాబు నూనె డబ్బాలో ఒక తీగ బతికింది. సుకవారో ఇంటి గోడ మీద మూడు ఉన్నాయని, కాపలా పూర్ణిమదేనని ఫోనులో చెప్పాడు. నా గింజల్లో సగం వరహాలమ్మ దగ్గర ఉన్నాయి. మిగతా సగం పాత పాలపొడి డబ్బాలో అటక మీద పెట్టాను. బూడిదలోంచి తీసినదేదీ మా ఇంట్లో ఇప్పుడు వండడం లేదు.